జేసీబీ పిచ్చోళ్ల పుట్టినరోజుకి ఇంట్లోనే తయారు చేసుకునే ఆటలు

మా పక్క స్థలంలో అపార్ట్‌మెంట్‌కి పునాదులు తవ్వడం మొదలుపెట్టిన రోజు నుంచి మావాడు బాల్కనీ గ్రిల్ వదిలితే ఒట్టు. అన్నం అక్కడే, హోమ్‌వర్క్ అక్కడే. "అదిగో జేసీబీ" అన్నానంటే, "జేసీబీ కాదమ్మా, పొక్లెయిన్. చక్రాల్లేవు చూడు, చైన్ ఉంది" అని నన్నే దిద్దేవాడు. అయిదో పుట్టినరోజుకి ఏం కావాలంటే ఒకటే మాట: "ఇల్లు కట్టే పార్టీ."

బయట అడిగితే థీమ్ పార్టీ అని పసుపు బెలూన్లు, ఫ్లెక్సీ, జేసీబీ బొమ్మ కేకు ఇస్తారు. పిల్లలు చేయడానికి మాత్రం ఏమీ ఉండదు. అందుకే ఆటలన్నీ మేమే తయారు చేసుకున్నాం. మా పెదనాన్న తాపీ మేస్త్రి. ముప్పై ఏళ్లు గోడలు కట్టిన మనిషి. ఆయన్ని పిలిస్తే పిల్లలకి నాలుగు కబుర్లు చెబుతారనుకున్నాను. ఆయన వచ్చి నా ప్లానంతా మార్చేశారు. అదీ మంచికే అయింది.

ఇక్కడ రాసినవి నాలుగు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు పన్నెండు మంది, రెండు గంటల సమయం, డాబా, ఒక హాలు ఉన్నాయనే లెక్కతో రాశాను. డాబా లేకపోతే ఇసుక ఆట ఒక్కటి వదిలేయండి, మిగతావన్నీ హాల్లోనే అయిపోతాయి.

ముందుగా ఒక మాట: వరస ముఖ్యం

ఇంటి పని ఏ వరసలో జరుగుతుందో ఆటలు కూడా అదే వరసలో పెట్టండి. ముగ్గు పోయడం, తవ్వడం, ఇటుకలు మోయడం, గోడ కట్టడం, దిష్టి బొమ్మ, చివర్లో కూల్చడం. అంతకుముందు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో పిల్లాడి పార్టీకి సాయం చేస్తూ, ఊపు వస్తుంది కదా అని గోడ కూల్చే ఆట రెండోదిగా పెట్టాను. కూల్చడం రుచి చూసిన పిల్లలు ఇక కడతారా? ఎవరు రెండు పెట్టెలు పేర్చినా వెనకనుంచి ఇంకొకడు వచ్చి తన్నేవాడు. పార్టీ అక్కడితో సరి.

రెండోది, ఓడినవాళ్లు పక్కన కూర్చునే ఆటలు వద్దు. సైటులో ఎవరూ అవుట్ అవరు, ఒక పని కాకపోతే ఇంకో పని చేస్తారు. అయిదేళ్లవాడిని "నువ్వు అవుట్" అని గోడ పక్కన కూర్చోబెడితే మిగిలేది ఏడుపే.

నెల ముందు నుంచి పోగుచేయాల్సినవి

అన్నిటికన్నా ముందు చెప్పుల పెట్టెలు. మాకు 40 కావాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్నవి నాలుగో అయిదో. తెలిసిన చెప్పుల షాపు అబ్బాయిని అడిగితే సంచి నిండా ఇచ్చాడు, చాలామంది పెట్టె అక్కడే వదిలేసి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతారట. దాదాపు ఒకే సైజువి ఏరుకోండి. మూత ఊడకుండా టేపు వేయండి. లోపల ఒక్కో న్యూస్‌పేపర్ ఉండ చేసి పెడితే అణిగిపోవు.

రంగు వేయాలనుకుంటే పోస్టర్ కలర్ వాడండి. నేను తెలివిగా జేగురు కలిపి పూశాను. ఇటుక రంగు అచ్చం దిగింది, అది పిల్లల చేతులకీ కొత్త బట్టలకీ కూడా దిగింది.

ఇవి కాక: ప్లాస్టిక్ తట్టలు రెండు, నూలు తాడు, గిన్నెలు తోమే స్పాంజీలు, పాత చీర ముక్కలు, ముగ్గు పిండి, పారదర్శకంగా ఉండే సన్న గొట్టం నాలుగు మీటర్లు, కొత్త సిరంజిలు, పాత గాజులు. పసుపు రంగు ప్లాస్టిక్ హెల్మెట్లు బొమ్మల షాపుల్లో దొరుకుతాయి. దొరక్కపోతే పసుపు చార్టుతో టోపీలు చేయండి. గుమ్మం దగ్గర "పనులు జరుగుచున్నవి", మెట్ల దగ్గర "నిదానమే ప్రధానం" అని అట్టల మీద రాసి తగిలించండి. పెద్దవాళ్లు కూడా ఆగి ఫొటోలు దిగుతారు.

1. ముగ్గు పోయడం: పన్నెండు గుర్తుల తాడు

ఇది మా పెదనాన్న చేర్పించిన ఆట. పునాది తవ్వకముందు దారాలు కట్టి, సున్నంతో గీతలు పోస్తారు కదా, దానికి మూల సరిగ్గా రావాలి. మూల పోతే ఇల్లంతా పోయినట్టే. చిన్న మూలకైతే మూలమట్టం, అంటే L ఆకారంలో ఉండే పనిముట్టు, పెడతారు. పెద్ద స్థలానికి 3, 4, 5 లెక్క వాడతారు. ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు కొలిచి, ఆ రెండు చివర్ల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చిందంటే మూల మట్టంగా ఉన్నట్టు.

తాడుకి అడుగుకో గుర్తు చొప్పున పన్నెండు అడుగులు కొలిచి, రెండు చివర్లూ కలిపి ముడి వేయండి. గుర్తుల దగ్గర రంగు టేపు చుట్టండి. ముగ్గురు పిల్లల్ని పిలిచి, ముడి దగ్గర ఒకరు, అక్కడి నుంచి మూడో గుర్తు దగ్గర ఒకరు, ఆ గుర్తు నుంచి ఇంకో నాలుగు లెక్కపెట్టి అక్కడ ఒకరు పట్టుకోమనండి. ముగ్గురూ వెనక్కి జరిగి తాడు బిగుతుగా లాగగానే, మధ్యవాడి దగ్గర పుస్తకం మూలలాంటి మూల వచ్చేస్తుంది. నిజంగా ఒక పుస్తకం తెచ్చి అక్కడ పెట్టి చూపించండి. మిగతావాళ్లు తాడు వెంట ముగ్గు పోస్తారు.

ఆరేళ్లు దాటినవాళ్లు దీన్ని మళ్లీ మళ్లీ ఆడారు. నాలుగేళ్లవాళ్లకి ముగ్గు పిండి చాలు, మూల వాళ్లకెందుకు. పది నిమిషాలకి మించి సాగదీయకండి.

2. తవ్వకాలు

పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి, అందులో వస్తువులు పాతిపెట్టి, బొమ్మ జేసీబీతోనో పాత గరిటెతోనో తవ్వి తీయించడం. ఆట తేలికే, జాగ్రత్తంతా ఇసుక దగ్గరే. ఇప్పుడు సైట్లలో ఎక్కువగా కనిపించే రోబో ఇసుక వద్దు. అది రాయి ఆడించిన పొడి, దుమ్ము రేగుతుంది, గరుగ్గా గీసుకుంటుంది. నది ఇసుకే తెచ్చుకోండి. వీధిలో పోసిన ఇసుక కుప్పల్లో పిల్లులు ఏం చేస్తాయో మీకు తెలిసిందే, కాబట్టి జల్లించి, రెండు మూడు సార్లు కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. ఇదంతా మా వల్ల కాదంటారా, కట్టెల అడితి నుంచి పొట్టు తెచ్చుకోండి, అది కూడా దుమ్ము పోయేలా జల్లించాలి. బియ్యం, రాగులు పోసి ఆడించే వాళ్లున్నారు. తినే గింజలు కాళ్ల కింద పడుతుంటే మా ఇంట్లో ఊరుకోరు.

పాతిపెట్టడానికి పెద్ద సైజు నట్లు, గవ్వలు, నునుపుగా అరగదీసిన కుండ పెంకులు, పెద్ద బొత్తాలు బాగుంటాయి. ఒక్కొక్కరికి ఒక చిన్న చీటీ ఇవ్వండి: రెండు నట్లు, మూడు గవ్వలు, ఒక పెంకు. తమ చీటీ నిండినవాళ్లు పక్కవాడికి సాయం చేయాలి. ఈ నియమం లేకపోతే పెద్దపిల్లలు టబ్బంతా ఊడ్చేస్తారు.

తవ్వుతున్నప్పుడు ఒక ప్రశ్న అడగండి: జేసీబీ అంటే ఏంటి? అది బండి పేరనే అందరూ అనుకుంటారు. 1945లో ఇంగ్లండ్‌లో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని మొదటి అక్షరాలవి. పిల్లలకన్నా వాళ్లని దింపడానికి వచ్చిన నాన్నలే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

3. తట్ట మోత

పాత చీర ముక్కని మెలిపెట్టి చుట్టకుదురు చేయండి. అది తల మీద, దాని మీద తేలికపాటి ప్లాస్టిక్ తట్ట, తట్టలో స్పాంజీ ఇటుకలు. నేల మీద సుద్దతో వంకరటింకర గీత గీసి, దాని మీద నడిచి అవతల ఇటుకలు దింపి రావాలి. చేత్తో పట్టుకోవచ్చు, కానీ ఒక చేత్తోనే. పడితే ఏరుకుని మళ్లీ పెట్టుకోవడమే. అవుట్ లేదు. రెండు జట్లుగా చేసి, అయిదు నిమిషాల్లో ఎన్ని ఇటుకలు చేరాయో లెక్కపెట్టండి.

తర్వాత అవే స్పాంజీలతో చేతులు మార్చే ఆట. లారీ నుంచి ఇటుకలు దింపేటప్పుడు మనుషులు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి విసురుకుంటారు, చూసే ఉంటారు. పిల్లల్ని అలాగే వరసలో నిలబెట్టి, పాట పెట్టి, పాట అయ్యేలోపు అన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి చేర్చమనండి. రెండోసారి ఒక్కో అడుగు ఎడంగా జరపండి. అప్పుడు మొదలవుతుంది అసలు నవ్వు.

4. కాంక్రీటు కలపడం (ఇదే టిఫిన్ కూడా)

ఈ సరికి ఆకలేస్తుంది. కాంక్రీటు కలపడానికి ఒక లెక్క ఉంటుంది. సిమెంటు 1 పాలు, ఇసుక 2, కంకర 4 అన్నది పాతకాలం నుంచి మేస్త్రీల నోట ఉన్న కొలత. మన కాంక్రీటులో సిమెంటు అంటే పుట్నాల పొడి, ఇసుక అంటే సన్న కారప్పూస, కంకర అంటే మరమరాలు. ఒక్కొక్కరికి ఒక గిన్నె, ఒక చిన్న గ్లాసు ఇచ్చి, "ఒకటి, రెండు, నాలుగు" అని వాళ్లే కొలుచుకుని కలుపుకునేలా చేయండి. చివర్లో కొంచెం నిమ్మరసం, తరిగిన ఉల్లిపాయ, టమాటా. "నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు పాడవుతుందిరా" అని పెదనాన్న హెచ్చరిస్తూనే ఉన్నారు, ఒకడు నిమ్మకాయంతా పిండేసుకున్నాడు. గిన్నెలో ముద్ద తేలింది. "చూశావా, స్లాబు కారిపోయింది" అంటే, వాడు ఆ ముద్దే ఇష్టంగా తిన్నాడు.

పల్లీలు వేయకండి. చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడతాయి, పైగా కొందరికి అవి పడవు. ఏ పిల్లాడికి ఏది పడదో వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడిగి ఉంచుకోండి.

5. గోడ

పార్టీకి గుండెకాయ ఇదే, దీనికి ముప్పై నిమిషాలు కేటాయించండి.

నేను ముందు అనుకున్నది రెండు జట్లు, ఎవరి గోడ ఎత్తుగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. పిల్లలు గబగబా ఒక పెట్టె మీద ఒక పెట్టె నిలువుగా పేర్చుకుంటూ పోయారు. పెదనాన్న కాసేపు చూశారు, ఉండబట్టలేకపోయారు. "ఏమ్మా, సందు మీద సందు పెట్టిస్తున్నావేంటి? ఇట్టా కడితే గాలికే పోద్ది" అని లేచి వచ్చారు. చిటికెన వేలితో ఒక దొంతిని అలా తాకారు, అది పక్కవాటితో సంబంధం లేకుండా ఒక్కతే పడిపోయింది. పిల్లలు నోళ్లు తెరిచారు. తర్వాత ఆయన కింద కూర్చుని రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి, ఆ రెండిటి మధ్య సందుని కప్పుతూ మూడోది పెట్టారు. "ఇప్పుడు పై ఇటుక కింద రెండింటినీ పట్టుకుంది. అర్థమైందా?"

అప్పటి నుంచి పోటీ లేదు, అందరూ కలిసి ఒకటే గోడ. లెక్క ఇలా:

మొదటి వరసలో 5 పెట్టెలు. రెండో వరసలో రెండు చివర్లా సగం పెట్టెలు, మధ్యలో 4 పూర్తి పెట్టెలు. మళ్లీ 5, మళ్లీ సగాలతో 4. ఇలా 8 వరసలు. మొత్తం 36 పూర్తి పెట్టెలు, 8 సగాలు. సగాల కోసం 4 పెట్టెల్ని మధ్యకి కోసి, తెరిచిన వైపు అట్ట అంటించండి. అంటే 40 పెట్టెలు. గోడ అయిదేళ్ల పిల్లాడి భుజాల దాకా వస్తుంది.

పనులు పంచండి. ఇద్దరు మేస్త్రీలు, ఏడుగురు అందించేవాళ్లు, ఇద్దరు తూకం (గోడ నిలువుగా ఉందో లేదో) చూసేవాళ్లు, ఒకరు ఇంజనీరు. ఇంజనీరు చేతిలో అట్ట, పెన్సిల్ ఉంటాయి, వరసకో గీత గీస్తుంటాడు. రెండు వరసలకోసారి పనులు మార్చండి. అందరికీ ఇంజనీరు కావాలనే ఉంటుందని భయపడ్డాను. తీరా చూస్తే అందరూ తూకం గుండు కోసమే కొట్టుకున్నారు.

తూకం గుండు అసలుది మా పెదనాన్న సంచిలో ఉంది, అది ఇనుముది, బరువు, పిల్లల చేతికివ్వలేదు. దారానికి ఒక పెద్ద నట్టు కట్టినా సరిపోతుంది. గోడ పై అంచు నుంచి అర అంగుళం ఎడంగా దారం వదిలి, అది ఊగడం ఆగేదాకా ఆగాలి. కింద కూడా అదే ఎడం ఉంటే గోడ నిట్టనిలువుగా ఉన్నట్టు. ఎడం పెరిగిందంటే గోడ ఇవతలికి వాలింది, తగ్గిందంటే అవతలికి. ఊగడం ఆగేదాకా ఆగడం అన్నది అయిదేళ్ల పిల్లలకి ఎంత పెద్ద పరీక్షో చూసి తీరాలి. ఊపిరి బిగబట్టి చూస్తారు.

6. నీటి గొట్టంతో లెవెల్

గోడ అయ్యాక కాస్త నెమ్మదైన ఆట. సన్నటి పారదర్శక గొట్టంలో రంగు నీళ్లు నింపండి, రెండు చివర్లా జానెడు ఖాళీ ఉంచండి. లోపల గాలి బుడగలు లేకుండా చూసుకోండి, బుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది. హాల్లో ఒక గోడ మీద ఒక ఎత్తులో రంగు చీటీ అంటించండి. ఎదుటి గోడ మీద సరిగ్గా అదే ఎత్తు ఎక్కడ ఉంటుందో పిల్లలు కంటిచూపుతో ఊహించి, తమ పేరు రాసిన చీటీలు అంటిస్తారు.

ఇప్పుడు గొట్టం. ఒక చివర మొదటి చీటీ దగ్గర, రెండో చివర ఎదుటి గోడ దగ్గర. నడిచేటప్పుడు రెండు చివర్లూ బొటనవేలితో మూయాలి, లేకపోతే నీళ్లు చిమ్ముతాయి. గోడల దగ్గర వేళ్లు తీసి, ఇటు నీళ్లు మొదటి చీటీకి సమానంగా వచ్చేదాకా గొట్టాన్ని పైకీ కిందకీ జరపండి. అటు నీళ్లు ఎక్కడ నిలిస్తే అదే సమానమైన ఎత్తు. గొట్టం మధ్యలో ఎన్ని మెలికలు తిరిగినా, సోఫా మీంచి పోయినా తేడా రాదు. పిల్లలు దీన్ని మ్యాజిక్ అనుకున్నారు. రెండు చివర్లా నీళ్లు ఒకే మట్టానికి వస్తాయంతే అని చెప్పినా ఒప్పుకోలేదు.

7. సిరంజి క్రేను

ఇది పార్టీకి ముందు మీరు కూర్చుని చేయాల్సిన పని, ఒక సాయంత్రం పడుతుంది. స్కూళ్ల సైన్స్ ఫెయిర్లలో చూసే ఉంటారు. ఏడేళ్లు పైబడిన పిల్లలుంటే వదలకండి.

సూది లేని కొత్త 10 మి.లీ. సిరంజిలు రెండు, అరమీటరు సన్న గొట్టం కావాలి. చేపల తొట్టిలో గాలికి వాడే గొట్టం సిరంజి మూతికి బిగుతుగా పడుతుంది. ఒక సిరంజి నిండా రంగు నీళ్లు లాగి, గొట్టం తగిలించి, గొట్టం చివర నీటి బొట్టు కనిపించేదాకా నొక్కండి. మళ్లీ నీళ్లు కావాలంటే గొట్టం చివర నీళ్లలో ముంచి లాగండి. రెండో సిరంజిని అడుగుదాకా నొక్కేసి ఆ చివరకి తగిలించండి. ఇప్పుడు ఒకటి నొక్కితే రెండోది బయటికి తోసుకొస్తుంది. తోసుకురావడానికి తడబడుతోందంటే గాలి ఉండిపోయింది, మళ్లీ నింపండి. గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. జేసీబీ చెయ్యి లేచేది కూడా ఇలాగే, దాంట్లో నీళ్ల బదులు నూనె ఉంటుంది.

ఒక బరువైన పెట్టె మీద మందపాటి అట్టతో రెండు చిన్న గోడలు నిలబెట్టి, వాటి మధ్య మూరెడు అట్ట చెయ్యిని వెదురు పుల్లతో గుచ్చండి. సిరంజి ఒంటిని పెట్టెకి కేబుల్ టైతో కట్టండి, అటూ ఇటూ కొంచెం వాలేలా వదులుగా ఉండాలి. దాని కడ్డీ చివరని చెయ్యి కిందవైపు, పుల్ల నుంచి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో బిగించండి. ఇంకా దూరం పెడితే చెయ్యి కొంచెమే లేస్తుంది. మరీ దగ్గర పెడితే బాగా లేస్తుంది కానీ నొక్కడం కష్టం. చెయ్యి కొసకి పేపర్ క్లిప్ వంచి కొక్కెం.

ఆట: పళ్లెంలో నిలబెట్టిన ప్లాస్టిక్ గాజుల్ని కొక్కెంతో లేపి, పెట్టెను తిప్పి, బొమ్మ లారీలో వేయాలి. నిమిషంలో ఎన్ని వేస్తే అన్ని. గాజులు పడుకుని ఉంటే కొక్కెం దూరదు, అందుకే స్పాంజీలో గాట్లు పెట్టి నిలబెట్టండి.

అయస్కాంతంతో క్రేను చేసే పద్ధతి కూడా ఉంది. చేస్తే పాత స్పీకరులోని పెద్ద రింగు అయస్కాంతమే వాడండి. బొత్తాంలా మెరిసే చిన్న అయస్కాంతాలు ఇంట్లోకే రానివ్వద్దు. రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

8. దిష్టి బొమ్మకి మీసం

కొత్త ఇంటికి దిష్టి బొమ్మ లేకుండా ఎలా? పెద్ద చార్టు మీద కళ్లు, నాలుక, కోరలతో మొహం గీసి, మీసం మాత్రం వదిలేయండి. నల్ల చార్టుతో మీసాలు కత్తిరించి వెనక రెండువైపులా అంటుకునే టేపు వేయండి. కళ్లకి గంతలు కట్టి, ఒకసారి గిర్రున తిప్పి వదిలితే, ఎవరు మీసాన్ని సరైనచోట పెడతారో చూడాలి. చివరికి మా దిష్టి బొమ్మకి నుదుటి మీద ఒకటి, చెవికి ఒకటి, నాలుక మీద రెండు మీసాలొచ్చాయి. అదే ఫొటో ఇప్పటికీ అందరి ఫోన్లలో ఉంది.

9. కూల్చడం, ఆ తర్వాత కేకు

పాత సాక్సులో గుడ్డపీలికలు కుక్కి పెద్ద బంతి చేసి, తాడుతో గుమ్మం పైనున్న గట్టి కొక్కేనికి వేలాడదీయండి. కర్టెన్ రాడ్డుకి కట్టకండి, అది ఊడి వస్తుంది. గోడని గుమ్మానికి బంతి ఊగితే తగిలేంత దూరంలోనే కట్టించి ఉండాలి, తర్వాత జరపడం కుదరదు. గోడ అవతల ఎవరూ ఉండకూడదు. నేల మీద టేపుతో గీత వేసి, ఒక్కొక్కరినే గీత దగ్గరికి పిలవండి. చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టండి. పెద్దవాడు ముందొస్తే ఒక్క దెబ్బకే గోడ పోతుంది, మిగతావాళ్లకి మిగిలేది ఏడుపే.

సందు మీద సందు లేకుండా కట్టిన గోడ కదా, మొదటి నాలుగు దెబ్బలకి కదిలింది తప్ప పడలేదు. పిల్లలు వెనక్కి తిరిగి పెదనాన్న కోసం చూశారు. "కట్టిందాన్ని పడగొట్టడం నేను చూడలేనమ్మా, టీ ఉంటే ఇవ్వు" అని ఆయన అప్పటికే వంటింట్లోకి వచ్చేశారు.

ఏడో దెబ్బకి పడింది. ఆ చప్పుడుకి కింది ఫ్లాటు ఆంటీ పైకి వచ్చారు, ఎలాగూ వచ్చారు కదా అని కేకు కోసేదాకా ఉండమన్నాం. పెట్టెలు మర్నాడు పాత పేపర్లవాడికి వేద్దామనుకుని బాల్కనీలో పెట్టాను. పొద్దున లేచేసరికి పది పెట్టెలతో చిన్న గోడ కట్టి ఉంది, సందు మీద సందు ఒక్కటి లేదు. మావాడు దారానికి నట్టు కట్టుకుని, అది ఊగడం ఆగేదాకా కూర్చుని ఉన్నాడు.